విషం దిగిపోయింది, మరి పాదాలెందుకు పడిపోతున్నాయి?

మీరు రాసింది కుదించి చెబుతాను, చదివేవాళ్ళకు సంగతి తెలియాలి కాబట్టి. నల్గొండ దగ్గర ఊళ్ళో ఉండే మీ బావగారు పత్తికి కొట్టే క్లోర్‌పైరిఫాస్ తాగారు. రాత్రికి రాత్రి హైదరాబాద్ తెచ్చారు, కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు, రెండో వారంలో తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ ఇంటికెళ్ళారు. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. పిక్కలు పీకేస్తున్నాయి, అరికాళ్ళు తిమ్మిరెక్కాయి, నడుస్తుంటే చెప్పు ఊడిపోతోంది. డిశ్చార్జ్ రోజు రక్తపరీక్షలో కొలినెస్టరేజ్ (ఈ విషం దెబ్బతీసే ఎంజైమ్) బాగానే వచ్చింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ మాత్రం "పట్నంలో అట్రోపిన్ లెక్క లేకుండా ఎక్కించారు, నరాలు చచ్చుబడ్డాయి" అన్నాడు. అట్రోపిన్ అంటే ఈ విషానికి ఇచ్చే విరుగుడు మందు. ఆసుపత్రి మీద కేసు వేయాలా అని ఇంట్లో గొడవ. దానికి తోడు, మీ ఉప్పల్ ఇంట్లో చెదలకు కొట్టించింది కూడా ఇదే మందని తెలిసి మీకు టెన్షన్ పట్టుకుంది.

హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లో న్యూరాలజీ ఓపీలో చాలా ఏళ్ళు కూర్చున్నాను. పత్తి, మిర్చి సీజన్ల తర్వాత ఇలాంటి కాళ్ళతో వచ్చేవాళ్ళను చూస్తూనే ఉన్నాను. మనిషిని చూడకుండా ఖాయంగా ఇదేనని చెప్పకూడదు. కానీ మీరు చెప్పిన తేదీలు, లక్షణాల వరస చూస్తే ఇది అట్రోపిన్ పని కాదు, పురుగుమందు పనే. క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ (ఫాస్ఫరస్ ఉన్న) పురుగుమందుల వల్ల ఆలస్యంగా వచ్చే నరాల జబ్బు ఒకటుంది, న్యూరాలజీ వాళ్ళు ఓపీఐడీఎన్ అంటారు. మొదటి రోజు ప్రాణం మీదికి తెచ్చింది ఒక ఎంజైమ్ దెబ్బతినడం. ఇప్పుడు కాళ్ళు పట్టేసింది వేరే ఎంజైమ్ దెబ్బతినడం వల్ల. మొదటిది కోలుకున్నంత మాత్రాన రెండోది తప్పించుకున్నట్టు కాదు. ఈ ఒక్క ముక్క డిశ్చార్జ్ రోజు చెప్పి ఉంటే మీ ఇంట్లో సగం గొడవ ఉండేది కాదు. రద్దీలో చాలాచోట్ల చెప్పరు.

మొదటి ఎంజైమ్ సంగతి ముందు చూద్దాం. నరం చివరి నుంచి అసిటైల్‌కొలిన్ అనే చిన్న రసాయనం విడుదలై కండరాన్ని తాకితే కండరం బిగుస్తుంది. గ్రంథిని తాకితే చెమటో లాలాజలమో వస్తుంది. పని అవగానే దాన్ని అక్కడికక్కడే తుంచేయాలి, లేకపోతే ఆజ్ఞ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. తుంచే పని అసిటైల్‌కొలినెస్టరేజ్‌ది. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు వేల సంఖ్యలో అసిటైల్‌కొలిన్ అణువుల్ని విరగ్గొడుతుంది, ఒంట్లో ఇంత వేగంగా పనిచేసే ఎంజైములు కొన్నే ఉన్నాయి. టార్పిడో అనే కరెంటు చేప నుంచి తీసిన ఈ ఎంజైమ్ ఆకారాన్ని 1991లో ఎక్స్‌రేలతో తేల్చారు. పైనుంచి లోపలికి సుమారు రెండు నానోమీటర్ల లోతున ఇరుకైన లోయ, దాని అడుగున సెరీన్ అనే అమైనో ఆమ్లం. అసలు పనంతా ఆ సెరీన్ మీదున్న ఒక్క ఆక్సిజన్‌ది. అసిటైల్‌కొలిన్ లోపలికి జారగానే ఆ ఆక్సిజన్ దాన్ని పట్టి విరుస్తుంది. ఒక ముక్క క్షణకాలం సెరీన్‌కు అంటుకుని ఉంటుంది, నీటి అణువు వచ్చి దాన్ని కడిగేస్తుంది, ఎంజైమ్ మళ్ళీ సిద్ధం.

ఆర్గానోఫాస్ఫరస్ మందు సరిగ్గా ఆ ఆక్సిజన్‌నే పట్టుకుంటుంది. మందులోని ఫాస్ఫరస్ సెరీన్‌కు అతుక్కుంటుంది. నీరు ఎంత ప్రయత్నించినా ఆ బంధం సెకనులో వెయ్యోవంతులో తెగదు, గంటలూ రోజులూ పడుతుంది. ఈలోగా అసిటైల్‌కొలిన్ పేరుకుపోతుంది. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, సూదిమొనంత కంటిపాపలు, ఊపిరితిత్తుల్లో నీరు, నెమ్మదించే నాడి, చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అదిరే కండరాలు. మీరు ఆ రాత్రి కళ్ళారా చూసింది ఇదే.

క్లోర్‌పైరిఫాస్ డబ్బాలో ఉన్న రూపంలో అంత బలమైనది కాదు. దాని ఫాస్ఫరస్‌కు ఆక్సిజన్ బదులు సల్ఫర్ తగిలించి ఉంటుంది. ఒంట్లోకి వెళ్ళాక కాలేయం ఆ సల్ఫర్ తీసేసి ఆక్సిజన్ పెడుతుంది, అప్పుడు తయారయ్యే ఆక్సాన్ అసలు విషం. విషాన్ని విరిచేయాల్సిన కాలేయమే దానికి పదును పెడుతుంది. అందుకే కొందరు మందు తాగిన మొదటి గంట రెండు గంటలు మామూలుగా మాట్లాడుతుంటారు, ఇంట్లోవాళ్ళు "ఏం కాలేదులే, కొంచెమే తాగాడు" అనుకుంటారు. మోనోక్రోటోఫాస్, డైక్లోర్‌వాస్ లాంటి వాటిలో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అవి ఆగవు. 2013లో బీహార్ ఛాప్రా దగ్గర మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లల్ని బలిగొన్నది మోనోక్రోటోఫాసే.

ఇక అట్రోపిన్ సంగతి. అది ఎంజైమ్ జోలికే పోదు. పేరుకుపోయిన అసిటైల్‌కొలిన్ గ్రంథుల మీద, గుండె మీద, ఊపిరి గొట్టాల మీద పనిచేయకుండా అడ్డం నిలబడుతుంది. మన దగ్గర ఆంప్యూల్ అంటే 0.6 మిల్లీగ్రాములు. ఐదు నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేసుకుంటూ, ఊపిరితిత్తుల్లో గురగుర ఆగి, చంకలు పొడిబారి, నాడి, బీపీ నిలబడేదాకా ఇవ్వాలి. గట్టి కేసుల్లో ఆంప్యూళ్ళు పదుల్లో, ఒక్కోసారి వందల్లో ఖర్చవుతాయి. బయట కూర్చున్న చుట్టాలకు ఖాళీ సీసాల డబ్బా చూస్తే గుండె గుభేలుమంటుంది, ఆర్‌ఎంపీ మాట అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. అట్రోపిన్ నిజంగా ఎక్కువైతే ఏమవుతుందో చెబుతాను: జ్వరం వస్తుంది, మనిషి కలవరిస్తాడు, దుప్పటి పీకుతాడు, గాలిలో లేనిదేదో పట్టుకోబోతాడు, పేగుల కదలిక ఆగుతుంది. మోతాదు తగ్గిస్తే ఒకట్రెండు రోజుల్లో అవన్నీ సర్దుకుంటాయి. మూడు వారాల తర్వాత పాదాలు పడిపోయేలా చేయడం దాని చేతిలో లేదు.

మీ డిశ్చార్జ్ షీట్‌లో పామ్ అని రాసి ఉంటే అది ప్రాలిడాక్సిమ్. సెరీన్‌కు అతుక్కున్న ఫాస్ఫరస్‌ను లాగేయడం దాని పని. కానీ దానికి గడువుంది. అతుక్కున్న ఫాస్ఫరస్ కొంతసేపటికి తన కొమ్మ ఒకటి రాల్చుకుంటుంది, అక్కడ రుణావేశం మిగులుతుంది, ఇక ఏ మందూ దాన్ని లాగలేదు. దీన్ని ఏజింగ్ అంటారు. తాళంలో ఇరుక్కున్న తాళంచెవిని ఎలాగోలా తిప్పి తీయొచ్చు, పిడి విరిగి చెవి లోపలే ఉండిపోతే తాళాన్నే పారేయాలి. ఏజింగ్ అయిన ఎంజైమ్ అంతే, శరీరం కొత్తది చేసుకోవలసిందే. మోనోక్రోటోఫాస్, డైమిథోయేట్ లాంటి డైమిథైల్ మందుల్లో సుమారు మూడున్నర నుంచి నాలుగు గంటల్లో సగం ఎంజైమ్ ఇలా చేజారిపోతుంది. క్లోర్‌పైరిఫాస్ లాంటి డైఇథైల్ మందుల్లో 33 గంటల దాకా సమయం ఉంటుంది. పామ్ వల్ల ప్రాణాలు ఎంత మేరకు నిలుస్తాయన్న దాని మీద మహారాష్ట్రలోని బారామతిలో చేసిన అధ్యయనం ఒక మాట చెబితే శ్రీలంక అధ్యయనం ఇంకో మాట చెప్పింది. అది వేరే పెద్ద చర్చ. మనకు ఇక్కడ కావలసింది ఏజింగ్ ఒక్కటే, దాన్ని గుర్తుపెట్టుకోండి, కాళ్ళ కథలో మళ్ళీ వస్తుంది.

మధ్యలో వెంటిలేటర్ ఎందుకు పెట్టారో కూడా అడిగారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ నిలబడదు, దిండు మీంచి తల ఎత్తలేరు, ఊపిరి కండరాలు అలసిపోతాయి. 1987లో శ్రీలంక డాక్టర్లు సేనానాయకే, కరల్లియెద్దె దీన్ని విడిగా గుర్తించి ఇంటర్మీడియెట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అది నరానికీ కండరానికీ మధ్య జాగాలో వచ్చే ఇబ్బంది, ఊపిరి అందిస్తూ ఉంటే తగ్గిపోతుంది. ఇప్పటి కాళ్ళు దానికి కొనసాగింపు కాదు.

రెండో ఎంజైమ్ ఆచూకీ దొరకడానికి మనుషులు చాలా మూల్యం చెల్లించారు. 1930లో అమెరికాలో మద్యనిషేధం నడుస్తోంది. జమైకా అల్లం సారం అని ఒక టానిక్ అమ్మేవారు, అందులో ఎక్కువ భాగం ఆల్కహాలే. ప్రభుత్వ పరీక్షకు దొరక్కుండా ఉండాలని వ్యాపారులు అందులో ట్రై ఆర్థో క్రెసిల్ ఫాస్ఫేట్ కలిపారు, అది పారిశ్రామిక ప్లాస్టిసైజర్. రెండు మూడు వారాల్లో వేలాది మంది పేదవాళ్ళు పాదాలు ఈడ్చుకుంటూ నడిచారు. బాధితులు పదివేలల్లో ఉంటారని అంచనా. 1959లో మొరాకోలోని మెక్నెస్‌లో ఇదే తరహా రసాయనం ఉన్న, విమానాల ఇంజన్‌కు వాడే లూబ్రికెంట్‌ను వంటనూనెలో కలిపి అమ్మితే సుమారు పదివేల మందికి కాళ్ళు పడిపోయాయి. మన దేశంలో 1988లో కలకత్తా బెహాలాలో రేషన్ వంటనూనెలో ఇదే తరహా రసాయనం కలిసి వందల మంది మంచం పట్టారు.

ఈ మూడింట్లోనూ తాగిన రోజు, తిన్న రోజు ఎవరికీ నోట్లో నురగ రాలేదు, ఎవరూ ఐసీయూలో చేరలేదు. ఎందుకంటే ట్రై ఆర్థో క్రెసిల్ ఫాస్ఫేట్ అసిటైల్‌కొలినెస్టరేజ్‌ను పెద్దగా పట్టించుకోదు. కాలేయంలో అది రూపం మార్చుకుని నేరుగా రెండో ఎంజైమ్ మీద పడుతుంది. హెచ్చరిక లేకుండా వచ్చింది కాబట్టే అంతమంది రోజూ అదే తాగారు, అదే నూనెతో వండుకున్నారు. అంటే తొలిరోజు విషలక్షణాలూ కాళ్ళు పడిపోవడమూ ఒకే దారిలో వచ్చేవి కావు.

ఆ రెండోదాన్ని పట్టుకున్నది ఇంగ్లండులో మార్టిన్ జాన్సన్, 1969లో. పరిశోధన కోళ్ళ మీద జరిగింది. ఎలుకలకు ఈ పక్షవాతం సరిగ్గా రాదు, ఎదిగిన పెట్టకోళ్ళకు మనుషులకు వచ్చినట్టే వస్తుంది. వింతేమిటంటే కోడిపిల్లలకు రాదు. ఇప్పటికీ కొత్త ఆర్గానోఫాస్ఫరస్ మందుకు అనుమతి అడిగితే పెట్టకోళ్ళకు ఇచ్చి మూడు వారాలు వాటి నడక గమనించే పరీక్ష ఉంది. కోడి మెదడులో ఉన్న ఎన్నో ఎస్టరేజ్‌లలో (కొలినెస్టరేజ్ లాగా రసాయనాలను విరగ్గొట్టే ఎంజైములు), పక్షవాతం తెచ్చే మందులు పట్టుకునేదీ తేని మందులు వదిలేసేదీ ఒక్కటే అని జాన్సన్ తేల్చాడు. దాన్నే ఇప్పుడు న్యూరోపతీ టార్గెట్ ఎస్టరేజ్, పొట్టిగా ఎన్‌టీఈ, అంటున్నాం.

నాకు ఈ కథలో బాగా నచ్చేది తర్వాతి ప్రయోగం. ఎన్‌టీఈ పనిచేయకపోవడం వల్లే నరం చస్తుంటే, దాన్ని ఆపే ఏ రసాయనం ఇచ్చినా కోడికి కాళ్ళు పడిపోవాలి కదా? పడిపోలేదు. పీఎంఎస్ఎఫ్ అనే సల్ఫోనైల్ ఫ్లోరైడ్ ఇస్తే ఎన్‌టీఈ మూతపడింది, కోడి మాత్రం హాయిగా తిరిగింది. అంతకన్నా విచిత్రం, పీఎంఎస్ఎఫ్ ఇచ్చిన కోడికి తర్వాత అసలు విషం ఇచ్చినా ఏమీ కాలేదు, ఎందుకంటే విషం కూర్చోవాల్సిన చోటు అప్పటికే నిండిపోయింది. వరస తిప్పి, ముందు కొద్దిపాటి విషం ఇచ్చి తర్వాత పీఎంఎస్ఎఫ్ ఇస్తే పక్షవాతం ఇంకా గట్టిగా వచ్చింది. తేడా అంతా ఏజింగ్‌లోనే. ఆర్గానోఫాస్ఫరస్ ఎన్‌టీఈకి అతుక్కున్నాక కొమ్మ రాల్చుకుని రుణావేశంతో అక్కడే పాతుకుపోతుంది, పీఎంఎస్ఎఫ్‌కు రాల్చుకునే కొమ్మే లేదు. ఒకే దెబ్బలో 70 శాతం పైగా ఎన్‌టీఈ మూతపడి, ఏజింగ్ కూడా అయితేనే నరం దెబ్బతింటుందని కోళ్ళ ప్రయోగాల్లో తేలింది. రోజూ కొంచెం కొంచెం తగిలేదానికీ ఒక్కసారి సీసా ఎత్తి తాగినదానికీ ఉన్న తేడా ఇందులోనే ఉంది.

మీ బావగారి విషయానికి వద్దాం. క్లోర్‌పైరిఫాస్ ఆక్సాన్‌కు మొదటి ఎంజైమ్ అంటే మహా ఇష్టం, ఎన్‌టీఈ అంటే చాలా తక్కువ. 70 శాతం ఎన్‌టీఈని పట్టాలంటే ఎంత మందు కావాలో, అందులో చిన్న భాగం చాలు మొదటి ఎంజైమ్‌ను మట్టుబెట్టి మనిషిని చంపడానికి. కాబట్టి వైద్యం అందని రోజుల్లో క్లోర్‌పైరిఫాస్ తాగినవాళ్ళు ఈ కాళ్ళ జబ్బు దాకా బతికేవాళ్ళు కాదు. కోళ్ళలో కూడా అట్రోపిన్ ఇచ్చి కాపాడుకుంటూ భారీ మోతాదు ఇస్తేనే ఇది కనబడింది. 1986లో ఇటలీ వైద్యులు ఒక రోగి గురించి రాశారు: క్లోర్‌పైరిఫాస్ తాగాడు, ఐసీయూలో బతికించారు, అతని తెల్ల రక్తకణాల్లో ఎన్‌టీఈ బాగా పడిపోయి ఉంది, నరాల జబ్బు రావచ్చని ముందే అనుకున్నారు, వారాల తర్వాత వచ్చింది.

అర్థమైందా? ఆసుపత్రి తప్పు చేసినందుకు కాళ్ళు పడిపోలేదు. మామూలుగా మనిషి బతకని మోతాదు నుంచి బతికించారు కాబట్టి కాళ్ళ దాకా కథ వచ్చింది. కేసు మాట మానేయమని నా సలహా. అట్రోపిన్ ఈ జబ్బును తేదు, ఆపదు. పామ్ కూడా ఆపదు, ఎన్‌టీఈ మీద ఏజింగ్ చాలా త్వరగా అయిపోతుంది.

రక్తపరీక్ష నార్మల్ అంటే ఏమిటి మరి? మన ల్యాబుల్లో సీరం కొలినెస్టరేజ్ పేరుతో చూసేది బ్యుటైరిల్‌కొలినెస్టరేజ్. అది కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలేది, నరాల్లోది కాదు. కాలేయం కొత్తది చేసుకుంటూ పోతే కొన్ని వారాల్లో మామూలవుతుంది. ఎర్ర రక్తకణాల మీదుండేది నరాల్లోని ఎంజైమ్ లాంటిదే కానీ, కొత్త కణాలు పుడితే తప్ప పెరగదు, రోజుకు సుమారు ఒక శాతం. రెండింట్లో ఏదీ ఎన్‌టీఈ గురించి చెప్పదు. ఇప్పుడు ఎన్‌టీఈ పరీక్ష ఎక్కడైనా చేయిద్దామా అంటే ఉపయోగం లేదు, కాళ్ళలో లక్షణాలు వచ్చేసరికి అది చాలావరకు తిరిగి తయారై ఉంటుంది. దెబ్బ మొదటి రోజే పడింది, కనబడటం ఇప్పుడు.

ఈ ఆలస్యం దేనికంటే నరం పొడవు వల్ల. పాదాన్ని పైకెత్తే కండరానికి ఆజ్ఞ ఇచ్చే కణం నడుం దగ్గర వెన్నుపాములో ఉంటుంది, దాని తంతువు పాదం దాకా దాదాపు మీటరు పొడవు. అంత దూరం పొరను నిలబెట్టడానికి కొవ్వు పదార్థాల రాకపోకలు సాగుతుండాలి. ఎన్‌టీఈ నరకణంలో ఫాస్ఫటిడైల్‌కొలిన్ అనే పొర కొవ్వును విరిచి లెక్క సరిచూసే ఎంజైమ్. దాన్ని తయారుచేసే పీఎన్‌పీఎల్‌ఏ6 జన్యువులో లోపంతో పుట్టినవాళ్ళకు, ఏ పురుగుమందూ తాకకుండానే, కాళ్ళు బిగుసుకుపోయి బలహీనపడే జబ్బు వస్తుందని 2008లో బయటపడింది. ఈ ఎంజైమ్‌కూ పొడవైన నరాలకూ ఉన్న సంబంధానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి! తంతువు చివరి నుంచి చావడం మొదలై పైకి పాకుతుంది. పొడవైనవి ముందు. అందుకే వేళ్ళు, పాదాలు, పిక్కలు, ఆ తర్వాత చేతివేళ్ళు. ఇలా పాడవడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది.

ఇంట్లోనే ఒకటి చూడండి. పక్కన పట్టుకుని, ఆయన్ను మడమల మీద నాలుగడుగులు వేయమనండి, తర్వాత మునివేళ్ళ మీద. పాదం ఎత్తలేకపోతే మడమల నడక అస్సలు కుదరదు. మామూలుగా నడిచేటప్పుడు చూస్తే మోకాలు అవసరానికి మించి ఎత్తుతారు, పాదం నేలమీద టప్పుమని పడుతుంది, ముందు వేళ్ళు తగిలి తర్వాత మడమ ఆనుతుంది. చెప్పు తిరగేసి చూస్తే ముందు అంచు అరిగి ఉంటుంది. ఊడిపోయేది హవాయి చెప్పే అయి ఉంటుంది, వేళ్ళతో బిగించి పట్టాలి కదా దాన్ని.

ఇవి కనబడితే ఈ వారంలోనే న్యూరాలజీ ఓపీకి తీసుకురండి, నిమ్స్, గాంధీ, ఉస్మానియా, ఏదైనా సరే. నర్వ్ కండక్షన్ పరీక్ష చేస్తారు. పాదం పైన చిన్న కండరం మీద ఎలక్ట్రోడ్ అంటించి, చీలమండ దగ్గర చిటుక్కుమని కరెంటు ఇస్తారు. నొప్పి పెద్దగా ఉండదు, ఉలిక్కిపడతారంతే. నరంలో సంకేతం వేగం దాదాపు మామూలుగానే ఉండి, తెర మీద అల మాత్రం చాలా చిన్నగా వస్తే తంతువులు చచ్చాయని అర్థం. ఇదే ఈ జబ్బులో ఎక్కువగా కనబడేది.

పరీక్ష ఎందుకంత ముఖ్యమంటే, ఇలాంటి కాళ్ళకు వేరే కారణాలూ ఉంటాయి. ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే గులియన్ బారే సిండ్రోమ్‌లో కాళ్ళు రోజుల్లో పడిపోతాయి, దానికి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ వైద్యం లక్షల్లో ఖర్చు. ఓపీఐడీఎన్‌లో అది పనిచేయదు. మందు తాగిన చరిత్ర చెప్పకుండా దాచి, గులియన్ బారే అనుకుని భూమి అమ్మి ఆ సీసాలు కొన్న కుటుంబాలను చూశాను. పరువు కోసం దాచకండి, ఓపీలో కూర్చోగానే మొదటి మాట అదే చెప్పండి. ఐసీయూలో ఎక్కువ రోజులు పడుకుంటే వచ్చే నరాల బలహీనత, మోకాలి పక్కన నరం నలిగిపోవడం, షుగర్, బీ12 లోపం కూడా చూస్తారు. వచ్చేటప్పుడు డిశ్చార్జ్ షీట్, తాగిన మందు డబ్బా ఫొటో, తాగిన తేదీ, తిమ్మిరి మొదలైన తేదీ తెచ్చుకోండి. డబ్బా మీద పేరు ముఖ్యం, "పత్తి మందు" అంటే మాకు ఏమీ తెలియదు.

వైద్యం గురించి ఆశ పెంచను. చచ్చిన తంతువును బతికించే మందు లేదు. ఎర్ర బీ12 సూదులు, "నరాల బలం" సెలైన్లు, స్టెరాయిడ్లు వీటి మీద డబ్బు తగలేయకండి. బీ12 నిజంగా తక్కువుంటే అది వేరే సంగతి. పనికొచ్చేది ఫిజియోథెరపీ, పాదాన్ని నిలబెట్టే ఏఎఫ్ఓ స్ప్లింట్. కోఠి వైపు సర్జికల్ షాపుల్లో రెడీమేడ్‌వి దొరుకుతాయి కానీ కాలి కొలతకు చేయించింది మేలు. మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్స్ కొనండి. అరికాళ్ళకు స్పర్శ తగ్గితే వేడినీళ్ళ కాపడం వద్దు, కాలినా తెలియదు. పాదం కిందికే వేలాడుతూ ఉంటే పిక్క వెనక స్నాయువు పొట్టిపడిపోతుంది, ఆ తర్వాత నరం కోలుకున్నా పాదం ఎత్తలేరు. రోజూ తువ్వాలు పాదానికి తగిలించి తనవైపు లాక్కునే వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టించండి.

ఇంకో రెండు వారాల దాకా కొంచెం ముదరొచ్చు, చేతివేళ్ళకూ రావచ్చు, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే అదే. తర్వాత ఆగుతుంది. తంతువులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతాయి, చేతులు ముందు, పాదాలు చివర. నెలలు పడుతుంది, ఏడాది దాటొచ్చు. చాలామంది కర్ర లేకుండా నడిచే స్థితికి వస్తారు, గట్టిగా దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి పాదం అలాగే ఉండిపోతుంది. ఒక హెచ్చరిక: పాదాలు బలపడుతున్న దశలో కొందరికి మోకాళ్ళు బిగుసుకుపోవడం మొదలవుతుంది. వెన్నుపాములోని పొడవాటి దారులు కూడా దెబ్బతిని, ఇన్నాళ్ళూ మెత్తబడ్డ కాళ్ళ వెనక దాక్కుని, ఇప్పుడు బయటపడటం అది. బాక్లోఫెన్ లాంటి మందులతో బిగుతు తగ్గుతుంది. వికలాంగుల సర్టిఫికెట్ కోసం ఇప్పుడే క్యాంపుల చుట్టూ తిరగకండి, పరిస్థితి ఇంకా మారుతోంది.

ఆయన ఎందుకు తాగారో మీరు రాయలేదు, నేను అడగను. కానీ తాగి బతికిన మనిషికి నెల తిరక్కుండా కాళ్ళు పోతుంటే మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. న్యూరాలజీకి తెచ్చిన రోజే పక్కనే సైకియాట్రీ ఓపీలో కూడా చూపించండి. ఊళ్ళో ఉన్నప్పుడు అర్ధరాత్రయినా టెలి మానస్ నంబరు 14416కి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. పురుగుమందు డబ్బాలు ఆ ఇంట్లోంచి తీసేసి వేరేచోట తాళం వేయించండి, ఇది మీరు వెంటనే చేయగలిగిన పని. ఫోరేట్, ట్రైయజోఫాస్, డైక్లోర్‌వాస్ లాంటివి 2018 ఉత్తర్వుతో 2020 చివరికి నిషేధమయ్యాయి. పాత డబ్బాలు మాత్రం పశువుల కొట్టాల్లో ఇంకా దొరుకుతాయి, అవీ వెతకండి.

మీ ఉప్పల్ ఇంటి సంగతి. చెదలకు గోడల మొదట్లో, గుమ్మాల కింద రంధ్రాలు చేసి పోసిన క్లోర్‌పైరిఫాస్ వల్ల మీకు ఈ కాళ్ళ జబ్బు రాదు, దానికి కావలసిన మోతాదు ఎంతో పైన చెప్పాను. పంపు మోసి రోజూ పని చేసే కుర్రాళ్ళకు మాత్రం జాగ్రత్త కావాలి. చేతికి గ్లౌజులు లేకుండా, అదే చేత్తో గుట్కా తింటూ మందు కలిపేవాళ్ళను చూస్తుంటాం. వాళ్ళకు తలనొప్పి, వాంతి, చెమటలు, కళ్ళు మసకబారడం వస్తే నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తే సరిపోదు, బట్టలు విప్పించి సబ్బుతో కడిగించి ఆసుపత్రికి పంపాలి. మీ ఇంట్లో పాకే పిల్లలుంటే రంధ్రాలు సిమెంటుతో సరిగ్గా మూసారో లేదో చూసుకుని, నేల సబ్బునీళ్ళతో తుడిపించి, రెండు రోజులు కిటికీలు తెరిచి ఉంచండి. మిగిలిపోయిన మందును మాత్రం వాళ్ళు "మళ్ళీ పనికొస్తుంది సార్" అని వాటర్ బాటిల్‌లో పోసి ఇస్తే తీసుకోకండి.